ఫిర్యాదు మా మాటే

ఏటా వినాయక చవితి దగ్గరపడగానే మాకొక ఫోనొస్తుంది.

"సార్, పొద్దుమీకి స్టేషన్ల శాంతి కమిటీ మీటింగుంది. మీవాళ్ళను ఓ నలుగుర్ని పట్టుకొని రావాలె."

ఏ స్టేషన్ అన్నది ముఖ్యం కాదు. ఇరవై ఏళ్ళుగా విలేకరి పని చేస్తూ తిరిగిన ఊళ్ళన్నిటిలోనూ ఈ ఫోనొచ్చింది. గొంతు మారింది గానీ మాట మారలేదు. 'మీవాళ్ళు' అంటే ఎవరని మేం ఎన్నడూ అడగలేదు. మా ఇంటివాళ్ళా, మాతో బి.ఏ. చదివినవాళ్ళా, మా పత్రికలో పనిచేసేవాళ్ళా? వాళ్ళెవరూ కాదని ఫోను చేసినాయనకూ తెలుసు, మాకూ తెలుసు.

వెళతాం. ప్లాస్టిక్ కుర్చీలు, చాయ్, బిస్కెట్లు. అటు గణేశ్ మండపాల నిర్వాహకులు, ఇటు మసీదు కమిటీల పెద్దలు, మధ్యలో అధికారి. "మనమంతా అన్నదమ్ముల్లాగ ఉండాలి" అంటాడాయన. తలలూపుతాం. ఊరేగింపు ఏ దారిన పోవాలి, నమాజు వేళ డీజే ఎక్కడ ఆపాలి, రెండు మాటలు. తర్వాత ఫొటో. ఒకసారి ఫొటో తీసే కుర్రాడు మావైపు చూసి, "సార్, మీరు టోపీ పెట్టుకుంటే ఫొటో మంచిగొస్తది" అన్నాడు. పాపం, అతని మనసులో చెడ్డ ఉద్దేశమేదీ లేదు. పక్కాయన జేబులోంచి తీసిచ్చిన టోపీ పెట్టుకుని నిలబడ్డాం. ఆ ఫొటోలో మేం విలేకరులం కాదు, ఆ ఊరివాళ్ళం కాదు, ఇంటిపన్ను కట్టేవాళ్ళం కాదు. టోపీలం, అంతే.

ఆ వార్త తెలుగులోనూ ఉర్దూలోనూ మేమే రాశాం. 'మనమంతా' అన్న చోట ఉర్దూలో 'హమ్ సబ్' అని రాశాం. ఉర్దూలో హమ్ అంటే మేమూ అవుతుంది, మనమూ అవుతుంది. తెలుగులో ఆ సందు లేదు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేం. రెండు భాషల మధ్య ఇన్నేళ్ళు మాటలు మోసిన మాకు ఈ తేడా స్టేషన్ గుమ్మంలో తెలిసినంతగా ఇంకెక్కడా తెలియలేదు. మైకు ముందు 'మనం'. అర్ధరాత్రి తలుపు కొట్టినప్పుడు 'మీవాళ్ళు'. అందుకే ఇక్కడ 'నేను' అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఒకడు తప్పుచేస్తే అందరం సంజాయిషీ ఇచ్చుకున్నాం. ఒకణ్ణి పిలిస్తే అందరి తరఫునా వెళ్ళాం. ఠాణా ముందు మాలో ఎవరికీ 'నేను' అనే మాట దక్కలేదు. కనుక మేం అనే రాస్తాం.

మాది డిచ్‌పల్లి. హైదరాబాదు నుంచి వచ్చే పెద్ద రోడ్డు దిగి నిజామాబాద్‌కు మళ్ళే చోటు. ఖిల్లా రామాలయం, కుష్ఠురోగుల ఆస్పత్రి, రైలు స్టేషను, 2006లో వచ్చిన తెలంగాణ యూనివర్సిటీ. వీటన్నిటికన్నా చిన్నప్పుడు మాకు దగ్గరిది ఏడో బెటాలియన్. మా అబ్బా దర్జీ. బెటాలియన్ జవాన్లకు యూనిఫారాలు కుట్టేవాడు. ఇంటినిండా ఖాకీ ముక్కలే. చెల్లెళ్ళు ఆడుకునే గుడ్డబొమ్మలు కూడా ఖాకీవే. 'ఖాక్' అంటే మట్టి, మట్టిరంగుది కనుక ఖాకీ అని అబ్బానే చెప్పాడు. "రేపు మనమీద కప్పేది ఆ మట్టినే గదా, దీన్ని చూసి భయమెందుకు" అని నవ్వేవాడు.

ఖాకీ ఒక్కటే కాదు. ఫిర్యాదు, దర్యాప్తు, జామీను, హాజరు, జప్తు, గస్తీ, ముచ్చలికా, హవల్దారు, ఇవన్నీ ఫారసీ నుంచీ అరబ్బీ నుంచీ తుర్కీ నుంచీ నడిచొచ్చి, ఉర్దూ మీదుగా తెలుగులో స్థిరపడ్డ మాటలు. ఇప్పుడు వీటిని పరాయివని ఎవరూ అనరు. మా మాటలు స్టేషన్ లోపల బల్లల మీద కూర్చున్నాయి. మేం మాత్రం బయట చెట్టుకింద నిలబడ్డాం.

ఎప్పుడూ ఇంతేనా అంటే, కాదు. 1992 డిసెంబర్. అప్పటికి మేం బడిపిల్లలం. అయోధ్యలో మసీదు కూలిందని రేడియోలో విన్న రాత్రి అబ్బా మిషను ఆపేశాడు. అమ్మీ ఉన్న కాస్త బంగారం బియ్యం డబ్బాలోకి దించింది. పొద్దుపోయాక తలుపు చప్పుడైంది. ఎవరం లేవలేదు. "దర్జీ సాబ్, నేనే" అని గొంతు. అబ్బా దగ్గర బట్టలు కుట్టించుకునే ఒక ముసలి హెడ్ కానిస్టేబుల్. ఒక్కడే వచ్చాడు. ధైర్యాలేవీ చెప్పలేదు. "చాయ్ తాగిస్తవా?" అన్నాడు. లాఠీ గోడకు ఆనించి మా అరుగు మీద కూర్చున్నాడు. గల్లీలో వచ్చే పోయే ప్రతి మనిషినీ పేరుపెట్టి పలకరించి ఇంటికి పంపాడు. తెల్లవారుజామున ఫజర్ అజాఁ వినబడ్డాక లేచి వెళ్ళిపోయాడు. ఆయన కూర్చున్నందుకు ఏమీ జరగలేదా, అసలు జరగవలసిందేదీ లేదా, ఇప్పటికీ చెప్పలేం. కానీ ఆ రాత్రి మా ఇంట్లో పిల్లలం నిద్రపోయాం.

కమ్యూనిటీ పోలీసింగ్ అన్న మాట చాలా ఏళ్ళ తర్వాత, విలేకరులమయ్యాక విన్నాం. పుస్తకాల్లో దానికి ఎన్ని నిర్వచనాలున్నా మాకు తెలిసింది ఆ అరుగే. అయితే ఒక మంచి మనిషితో ఏర్పాటు నిలవదు. ఆయన బదిలీ అయ్యాడు. అరుగు ఖాళీ అయింది.

మా పెద్దలకు పోలీసంటే ఎందుకంత గుబులు? మా దాదా ఆ మాట పూర్తిగా పలికేవాడే కాదు, 'యాక్షన్' అని ఊరుకునేవాడు. 1948 సెప్టెంబర్ 13న మొదలై 17తో ముగిసిన సైనిక చర్యకు పెట్టిన పేరు పోలీస్ యాక్షన్. పని సైన్యానిది, పేరు పోలీసుది. ఆ తర్వాత జరిగినదాన్ని చూసి రమ్మని కేంద్రం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయి ఉంటాయని అంచనా వేసింది. బాగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలని రాసింది. నాందేడ్ మాకు పొరుగు. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం కంటపడలేదు. బయట పెట్టని కాగితం ఇళ్ళల్లో గుసగుసగా బతికింది.

ఇంతే చెప్పి ఆపితే సగం చెప్పినట్టు. అంతకు ముందు రజాకార్లు ఊళ్ళమీద పడ్డప్పుడు నిజాం పోలీసు ఎవరి పక్కన నిలబడిందో మా పొరుగింటి పెద్దలకు గుర్తుంది. మా భయం ఎంత నిజమో వాళ్ళ భయమూ అంతే నిజం. ఇంకా వెనక్కి పోతే ఊరికొక పోలీసు పటేలు. ఊరివాడే, ఊళ్ళో ప్రతి గడపా తెలిసినవాడే, తాత తండ్రుల నుంచి వచ్చిన అధికారం. అయినా మాదిగవాడలో, దూదేకుల గుడిసెల్లో పోలీసు పటేలు అంటే కాపలా కాదు, వెట్టి. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. పోలీసుకు ఊరు తెలిస్తే చాలదు, ఊరికి జవాబు చెప్పాలి. ఆ పటేళ్ళ కాలం మాకు నేర్పిన పాఠం ఇది.

మా తరానికి కూడా గుబులు పెట్టే తారీకు ఒకటుంది. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది. చచ్చిపోయినవాళ్ళు నమాజుకొచ్చినవాళ్ళు. ఆ తర్వాత పట్టుకుపోయింది కూడా ముస్లిం కుర్రవాళ్ళనే. చివరికి కేసులు నిలవక బయటికొచ్చారు. ప్రభుత్వం కొందరికి నష్టపరిహారమిచ్చింది, మంచి నడవడిక గలవారని సర్టిఫికెట్లూ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వులను కొట్టేసింది. మేం ఆ సర్టిఫికెట్ల గురించి రాస్తూ ఆగిపోయాం. పుట్టిన ఊళ్ళో మంచివాళ్ళమని కాగితం తెచ్చుకోవలసిన గతి ఎందరికి పడుతుంది?

మా జిల్లాలో గల్ఫ్ మొహం చూడని గల్లీ లేదు. పాస్‌పోర్టుకు పోలీసు విచారణ తప్పదు. ఆ రోజుల్లో విచారణకొచ్చిన మనిషి పక్కింట్లో రెండు ప్రశ్నలడిగేవాడు, మా ఇళ్ళల్లో పన్నెండు. ఎవరెవరొస్తారు, ఏ మసీదుకు పోతారు, ఏ జమాతు? జవాబులు చెప్పి, చాయ్ ఇచ్చి, ఆపైన ఇవ్వాల్సింది కూడా చేతిలో పెట్టి పంపేవాళ్ళం. సేవ కోసం పోయినా అనుమానితులుగానే నిలబడడం అలవాటైపోయింది.

ఇది ఇట్లాగే ఉండాలని ఎక్కడా రాసిలేదు. తెలంగాణ పద్మశాలీలు బతుకుదెరువుకు పోయిన ఊరు భివండీ. బొంబాయి పక్కన మరమగ్గాల ఊరు. ఒక మగ్గం మీద మన తెలుగువాడు, పక్క మగ్గం మీద ఉత్తరప్రదేశ్ నుంచొచ్చిన అన్సారీ. 1970లో ఒకసారి, 1984లో ఒకసారి ఆ ఊరు తగలబడింది. 1988లో అక్కడికి డి.సి.పి.గా వచ్చిన సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టాడు. పేరున్న నాయకుల్ని పక్కనపెట్టి, గల్లీల్లో ఉండే మామూలు మనుషుల్ని, హిందువులనూ ముస్లింలనూ సమానంగా కూర్చోబెట్టాడు. ఆ వాడ చూసుకునే పోలీసులను వాళ్ళతో జతచేశాడు. పండుగలకే కాక వాడలోని చిన్న చిన్న తగాదాలకూ ఆ కమిటీలు కూర్చున్నాయి. 1992 డిసెంబర్‌లో, 1993 జనవరిలో పక్కనే బొంబాయి కాలిపోతుంటే భివండీ కాలలేదు. మా అరుగు మీద ఒక రాత్రి ఒక మనిషి చేసినదాన్ని ఖోపడే ఊరంతటికీ ఏర్పాటు చేశాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2008లో, కేరళ జనమైత్రి పేరుతో ఇంటింటికీ వెళ్ళే బీటు పోలీసులను పెట్టింది.

మన దగ్గరా ప్రయత్నాలు జరిగాయి. ఉమ్మడి రాష్ట్రంలో 'మైత్రి' సంఘాలొచ్చాయి. తెలంగాణ వచ్చాక 2014 అక్టోబర్‌లో హైదరాబాదులో షీ టీమ్స్ మొదలై జిల్లాలకు పాకాయి. ఆడపిల్లలు ధైర్యంగా ఫోను చేస్తున్న మాట నిజం. దాన్ని కాదనం.

కానీ 'కమ్యూనిటీ కాంటాక్ట్' పేరుతో ఇంకొకటి ఉంది. తెల్లవారకముందే పదుల కొద్దీ పోలీసులు ఒక బస్తీని చుట్టుముడతారు. ఇల్లిల్లూ లేపి బండ్ల కాగితాలు, ఆధార్ కార్డులు చూస్తారు. కాగితాల్లేని మోటార్ సైకిళ్ళను తోలుకుపోతారు. దీని అసలు పేరు కార్డన్ సెర్చ్. దొంగ బండ్లు దొరుకుతాయి, నిజమే. కానీ పలకరించడానికి వచ్చేవాళ్ళు గల్లీ రెండు చివర్లా కాపలా పెట్టి రారు గదా! ఇది ముస్లిం బస్తీల్లోనే జరుగుతుందని మేం అనం. దళితవాడల్లో జరుగుతుంది, తండాల్లో జరుగుతుంది, బయటి రాష్ట్రాల కూలీలుండే రేకుల గదుల్లో జరుగుతుంది. లిఫ్టులున్న అపార్టుమెంట్లలో జరిగిందని మాత్రం మేం ఇంతవరకు వార్త రాయలేదు.

మరి శాంతి కమిటీలో? పండుగల క్యాలెండరు చూసి కూర్చుంటాయి. 2022 మార్చి 20 ఏ పండుగా కాదు. ఆ రోజు తెల్లారేసరికి బోధన్ అంబేడ్కర్ చౌరస్తాలో శివాజీ విగ్రహం వెలిసింది. రెండు వర్గాలు ఎదురుపడ్డాయి. రాళ్ళు, బాష్పవాయువు, 144 సెక్షన్. మా ఫోను ఆగకుండా మోగింది. అడిగినవాళ్ళందరిదీ ఒకటే మాట, "మనవాళ్ళకేమైంది?" హిందూ మిత్రులూ అదే అడిగారు, ముస్లిం మిత్రులూ అదే అడిగారు. ఒకే మాట, రెండు వేర్వేరు మనుషుల గుంపుల గురించి. ఏడాదికి రెండుసార్లు బిస్కెట్లు తిని లేచొస్తే 'మనవాళ్ళు' అన్న మాటకు ఒకే అర్థం రాదు.

సర్దుకుపోవడం మాకు చేతకాదని ఎవరూ అనలేరు. 2023 సెప్టెంబర్ 28న మిలాదున్నబీ, గణేశ నిమజ్జనం ఒకే రోజు పడ్డాయి. హైదరాబాదులో ముస్లిం పెద్దలు మిలాద్ ఊరేగింపును అక్టోబర్ 1కి జరిపారు. గొడవ లేకుండా చూడడం పోలీసు పనిలో ఒక ముక్క. మిగిలిన ముక్క మాటేమిటి? దెబ్బలు తిన్న ఆడది, ఏజెంటు చేతిలో మోసపోయిన గల్ఫ్ కూలీ, ఆటో పోగొట్టుకున్న కుర్రాడు, వీళ్ళు ఏ పండుగకు వస్తారు?

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ వ్యాసం రాసే అర్హత ఉండదు.

మా ఖాలా కూతుర్ని బోధన్ వైపు ఇచ్చారు. 2015 డిసెంబర్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అటువైపు పని వెతుక్కునే మగవాళ్ళు పెరిగారు, బీడీల చాట ముందు కూర్చునే ఆడవాళ్ళ మీద బరువు పెరిగింది. ఈమె కూడా బీడీలు చుట్టే ఇల్లు నడిపేది. మొగుడు కొట్టేవాడు. ఒక రాత్రి ఇద్దరు పిల్లలతో మా ఇంటికొచ్చింది. పెదవి చిట్లి ఉంది. "భాయ్‌జాన్, ఏక్ దరఖాస్ లిఖ్ కే దేతే క్యా?" అంది. దరఖాస్తు రాసిమ్మంటోంది. ఆమెకు ఉర్దూ చదువే వచ్చు, తెలుగు రాయలేదు. మాకు రెండూ వచ్చు. జేబులో కలముంది, బల్లమీద కాగితముంది.

రాయలేదు. "సబర్ కరో, పెద్దమనుషుల్లో కూర్చుందాం" అన్నాం. 'ఇజ్జత్' అన్నాం. ఇప్పుడున్న రోజుల్లో మనింటి మాట స్టేషన్‌కెక్కితే పేపర్లో ఎట్లా వస్తుందో మాకు తెలుసు అన్నాం. 2019లో తలాక్ చట్టం వచ్చింది గదా, స్టేషన్‌కు పోతే మొగుడు మూడేళ్ళు జైలుకే అని ఒక పెద్దాయన భయపెట్టాడు. ఆమె చెప్పింది దెబ్బల సంగతి, తలాక్ మాటే లేదు. అయినా మేం దిద్దలేదు. మొగుడు ఖురాన్ మీద ఒట్టేశాడు. పంపించేశాం.

మూడో నెల చెయ్యి విరిగింది. ఈసారి మా ఇంటికి రాలేదు. పక్కింటామె, ఆమెతోపాటు బీడీలు చుట్టే పద్మశాలి ఆమె, ఆటోలో ఎక్కించుకుని ముందు ఆస్పత్రికీ తర్వాత పోలీసు స్టేషన్‌కూ తీసుకుపోయింది. అక్కడ డ్యూటీలో ఉన్న ఆడ కానిస్టేబుల్ లంబాడా పిల్ల. ఈ జిల్లాలో పెరిగిన పిల్ల కదా, మా దక్కనీ ఉర్దూ ఆమెకూ వచ్చు. "ఖానా ఖాలియే క్యా ఆపా?" అని అడిగిందట ముందు. అన్నం తిన్నావా అక్కా అని. ఆ తర్వాత నోటితో చెప్పింది విని రాసుకుంది, రాసింది మళ్ళీ ఉర్దూలో చెప్పి వినిపించింది. సఖి కేంద్రానికి పంపింది. కేసు నడుస్తోంది. మా చెల్లెలు వేరే గదిలో పిల్లలతో ఉంటోంది. సుఖపడిందని అనలేం. దెబ్బలు లేవు.

మేం సిగ్గుపడుతూ పోతే ఆమె తిట్టలేదు. "నువ్వు రాసియ్యకపోతివి, నేనే పోతిని. మంచిగైంది" అంది. ఇరవై ఏళ్ళుగా పోలీసుకూ ప్రజలకూ మధ్య గోడ ఉందని రాస్తూ వచ్చాం. ఆమె విషయంలో ఆ గోడ మేమే.

అప్పట్నుంచి మాకొకటి అర్థమైంది. స్టేషన్‌కు మా 'పెద్దమనుషులు' కావాలి, ఎందుకంటే నలుగురితో మాట్లాడితే నాలుగు వందల మందితో మాట్లాడినట్టు లెక్క. పెద్దమనుషులకు స్టేషన్ కావాలి, ఎందుకంటే అక్కడ కుర్చీ ఉంటే గల్లీలో మాట చెల్లుతుంది. ఈ ఇద్దరి స్నేహానికే చాలాచోట్ల కమ్యూనిటీ పోలీసింగ్ అని పేరు. అందులో ఆడవాళ్ళు లేరు, కూలీలు లేరు, కుర్రవాళ్ళు లేరు. కుర్రవాళ్ళు ఉన్నా కబురు మోసేవాళ్ళుగా ఉన్నారు. పొరుగువాడి క్షేమం చెప్పేవాడు వేరు, పొరుగువాడి మీద చెప్పేవాడు వేరు. రెండోవాడు పెరిగిన గల్లీలో మొదటివాడు నోరు విప్పడు.

సేవ అంటే ఏమిటో డిచ్‌పల్లికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. ఇక్కడి కుష్ఠురోగుల ఆస్పత్రి 1915 నాటిది. స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీ డాక్టరు ఇసాబెల్ కెర్ నడిపింది, నిజామాబాద్ దాత రాజా నర్సాగౌడ్ డబ్బు పెట్టాడు. క్రైస్తవ వైద్యురాలు, హిందూ దాత, నిజాం రాజ్యం. ఇంటివాళ్ళే దూరం పెట్టిన రోగులు ఇక్కడికొచ్చారు. ముట్టుకోకుండా ఎవరికీ వైద్యం జరగదు. ఆ లంబాడా పిల్ల "అన్నం తిన్నావా" అని అడగడం కూడా ముట్టుకోవడమే.

ఖాకీ తొడిగినవాళ్ళ బాధ మాకు పట్టదని అనుకోవద్దు, ఖాకీ ముక్కల మధ్య పెరిగినవాళ్ళం. 2024 అక్టోబర్‌లో డిచ్‌పల్లి సహా పలు బెటాలియన్ల కానిస్టేబుళ్ళ భార్యలు పిల్లల్ని ఎత్తుకుని రోడ్డెక్కారు. ఎక్కడెక్కడికో డ్యూటీలు వేస్తున్నారు, మా మొగుళ్ళు ఇంటిపట్టున ఉండేదెన్నడు, 'ఏక్ పోలీస్' విధానం తెమ్మని అడిగారు. ఆ ఆందోళన తర్వాత 39 మందిని సస్పెండ్ చేశారు, పదిమందిని ఉద్యోగం నుంచి తీసేశారు. ఆ వార్త రెండు భాషల్లో రాస్తుంటే ఒకటే అనిపించింది. తన గోడు వినేవాడు లేని జవాను మా గోడు ఏ ఓపికతో వింటాడు?

ఆ ఖాకీలో మా పిల్లలూ ఉండాలి. 2006లో సచార్ కమిటీ లెక్క తీస్తే దేశ జనాభాలో 13.4 శాతమున్న ముస్లింలు కానిస్టేబుళ్ళలో 6 శాతం. 2007లో వచ్చిన బి.సి.-ఇ నాలుగు శాతం రిజర్వేషన్ మన దగ్గర కొన్ని తలుపులు తీసింది. ఆ తలుపు దాకా మన కుర్రవాళ్ళను నడిపించే పని పోలీసుది కాదు, మనది.

ఇక అడగాల్సినవి. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేశారు. కనుక ఉర్దూలో రాసిన దరఖాస్తు తీసుకోవాలి. ఫిర్యాదు నోటితో చెప్పినా రాసుకోవాలని, రాసింది చదివి వినిపించాలని, ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఊరికే ఇవ్వాలని పాత సి.ఆర్.పి.సి. చెప్పింది, 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహితా చెబుతోంది. ఇది దయ కాదు, హక్కు. ప్రతి గల్లీకీ పేరు తెలిసిన బీటు కానిస్టేబుల్ కావాలి, మూడు నెలలకొకసారి మారేవాడు కాదు. కమిటీ పండుగ లేని నెలలో కూర్చోవాలి. అక్కడ అనుకున్నది రాసి, పై నెలలో ఏం చేశారో చదవాలి. కుర్చీల్లో సగం ఆడవాళ్ళవి కావాలి.

మమ్మల్ని మేం అడగాల్సింది ఒకటే. మా ఆడపిల్ల స్టేషన్ మెట్లెక్కితే పోయే ఇజ్జత్, ఆమె చెయ్యి విరిగినప్పుడు ఎందుకు పోలేదు?

ఈ ఏడూ ఫోనొచ్చింది. "మీవాళ్ళను ఓ నలుగుర్ని పట్టుకొని రావాలె సార్."

నలుగురి పేర్లు చెప్పాం. మా ఖాలా కూతురు, ఆమె పక్కింటి పద్మశాలి ఆమె, ఆమెను ఆ రోజు స్టేషన్‌కు చేర్చిన ఆటో కుర్రాడు, మసీదు పక్కన చాయ్ హోటల్లో పనిచేసే బిహారీ పిల్లగాడు.

అవతల కాసేపు మాట లేదు. "సార్, ఇండ్ల మీవాళ్ళెవరు?" అన్నాడు.

"నలుగురూ" అన్నాం.

ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది, ఆమెను అడగనే లేదు. మళ్ళీ ఆమె బదులు మేమే మాటిచ్చాం. వెంటనే ఫోను చేసి, వస్తావా అని అడిగాం. ఆకు కత్తిరిస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

"వస్త. చాయ్ తాగి ఊరికెనే మాత్రం రాను" అంది.